పుప్పొడి లేని పువ్వు – ప్యాకెట్ మీద రాయని సంగతి

మిరప నార్లు పోసుకునే రోజులు వచ్చాయి. విత్తన దుకాణం ముందు నిలబడ్డ రైతు అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ గింజ కాపు బాగుంది? ప్యాకెట్ ఎంత? ఆ గింజ ఎట్లా తయారైందని అడిగే అలవాటు మనకు లేదు, చెప్పే అలవాటు కంపెనీకి లేదు. పూత రాలిపోయి, కాయ నిలవక, తోటలో సగం మొక్కలు ఒక రకంగా, సగం ఇంకో రకంగా కనిపించిన రోజున మాత్రం కంపెనీ ప్రతినిధి, శాస్త్రవేత్త, అధికారి ముగ్గురూ కలిసి మనకు అర్థం కాని మాటల్లో మాట్లాడుకుంటారు. రైతు పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. మద్దతు ధర గురించి, అప్పుల గురించి రాసే ఈ పేజీలో ఈ నెల పువ్వు గురించి రాయడానికి కారణం అదే. వాళ్ల మాటలు మనకూ తెలియాలి.

ముందు చేతి పని లెక్క చూద్దాం. మిరప పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. తన పుప్పొడి తనమీదే పడి గింజ కట్టగలదు. రెండు వేర్వేరు రకాలను కలిపి హైబ్రిడ్ గింజ తీయాలంటే ఆడ వరుసలో మొక్కల మొగ్గ విచ్చుకోక ముందే, సాయంత్రం పూట, చిమటాతో కేసరాలు గిల్లేయాలి. తెల్లవారి మగ వరుస పుప్పొడి తెచ్చి అద్దాలి. మిరప గింజలు వెయ్యి తూస్తే అయిదారు గ్రాములు. అంటే పది గ్రాముల ప్యాకెట్లో పదిహేడు వందల నుంచి రెండు వేల గింజలుంటాయి. క్రాసింగ్ చేసిన కాయకు నలభై, యాభై గింజలు వస్తాయనుకుంటే ఒక్క ప్యాకెట్ వెనుక నలభై కాయలు కావాలి. గిల్లిన ప్రతి మొగ్గా నిలవదు కాబట్టి యాభై, అరవై మొగ్గలు గిల్లాలి. ఎకరాకు పది ప్యాకెట్ల దాకా వాడుతున్నాం. ఒక ఎకరం తోట వెనుక అయిదారు వందల మొగ్గలు గిల్లిన వేళ్లున్నాయన్న మాట. టమాటా, వంగ, బెండ హైబ్రిడ్లకు ఇప్పటికీ ఇదే పద్ధతి. పత్తి విత్తన క్షేత్రాల్లో ఈ పనికి బడి మాన్పించి ఆడపిల్లలను పెట్టిన చరిత్ర నంద్యాల, గద్వాల వైపు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ గిల్లుడు లేకుండా చేసే మొక్క ఒకటి ఉంది. దాని పువ్వులో ఆడ భాగం నిక్షేపంగా ఉంటుంది, కేసరాలు మాత్రం ముడుచుకుపోయి ఉంటాయి, పుప్పొడి ఉండదు. శాస్త్రవేత్తలు పురుష వంధ్యత్వం అంటారు. మన భాషలో మగ గొడ్డు మొక్క. ఇది ప్రయోగశాలలో పుట్టింది కాదు. 1925లో అమెరికాలో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో హెన్రీ జోన్స్ అనే శాస్త్రవేత్త ఉల్లి మడిలో ఇటాలియన్ రెడ్ రకానికి చెందిన ఒకే ఒక్క మొక్కను చూశాడు. దానికి సొంతంగా గింజ కట్టలేదు. కానీ పూగుత్తిలో గింజలకు బదులు చిన్న చిన్న ఉల్లిగడ్డలు మొలిచాయి. వాటిని నాటి ఆ మొక్కను బతికించుకున్నారు. ఆ గడ్డలు రాకపోయి ఉంటే ఆ మొక్క కథ అక్కడితో ముగిసేది. 1943 నాటికి జోన్స్, క్లార్క్ కలిసి ఈ లక్షణం తల్లి నుంచి పిల్లకు ఎట్లా దిగుతుందో తేల్చారు. కూరగాయల్లో హైబ్రిడ్ ఉల్లికి పునాది అదే.

మిరప సంగతి మనకు ఇంకా దగ్గరది. 1958లో పీటర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త మిరపలో ఇదే లక్షణాన్ని కనిపెట్టి ప్రచురించాడు. ఆయన చేతిలో ఉన్న ఆ మిరప భారతదేశం నుంచి వెళ్లిన గింజ. అక్కడి గింజల నిల్వలో దానికి పీఐ 164835 అని నంబరు వేశారు. అది ఏ ఊరి తోటలోదో, ఏ రైతు చేతి నుంచి తీసుకున్నారో ఆ నంబరు చెప్పదు. ప్రపంచంలో మిరప హైబ్రిడ్లకు ఆధారమైన గొడ్డు మిరప మన నేలదే. ఇప్పుడు ఆ గుణమున్న గింజను మనమే పది గ్రాముల ప్యాకెట్లలో వందల రూపాయలు పెట్టి కొంటున్నాం.

ఇక అది పనిచేసే తీరు. ప్రతి కణంలో మధ్యన కేంద్రకం ఉంటుంది. అందులోని జన్యువులు సగం తల్లివి, సగం తండ్రివి. కేంద్రకం బయట మైటోకాండ్రియా అనే చిన్న చిన్న శక్తి గిడ్డంగులుంటాయి. వాటికి సొంతంగా కొన్ని జన్యువులున్నాయి, అవి తల్లి నుంచే వస్తాయి, తండ్రి పుప్పొడితో రావు. గొడ్డు మిరపలో ఆ మైటోకాండ్రియాలోనే ఒక జన్యువు తేడాగా ఉంటుంది. ఆకుకు, వేరుకు, కాయకు దాని వల్ల ఇబ్బంది లేదు. పుప్పొడి తయారయ్యే చోట మాత్రం పని చెడగొడుతుంది. తల్లి వైపు నుంచే దిగుతుంది కాబట్టి గొడ్డు మొక్కకు పుట్టిన ప్రతి పిల్లకూ ఈ తేడా అంటుతుంది.

దీనికి విరుగుడు కేంద్రకంలో ఉంది. దాన్ని పునరుద్ధారక జన్యువు అంటారు. అది ఉన్న మొక్కలో మైటోకాండ్రియా తేడా అట్లాగే ఉన్నా దాని పని సాగదు, పుప్పొడి మామూలుగా వస్తుంది. కారపు మిరప రకాల్లో ఈ జన్యువు చాలావాటిలో దొరుకుతుంది. బెంగుళూరు మిర్చి అని మనం పిలిచే కూర మిరపలో అరుదు. అందుకే కారపు మిరపలో ఈ పద్ధతి సులువుగా సాగింది, కూర మిరపలో అంతగా సాగలేదు.

వరి హైబ్రిడ్ విత్తనం పండించే కరీంనగర్ రైతుకు ఇది కొత్తేమీ కాదు. ఏ లైన్, బి లైన్, ఆర్ లైన్ అని ఆయన రోజూ అంటుంటాడు. ఏ లైన్ గొడ్డు మొక్క. బి లైన్ దాని జోడు. అన్ని గుణాలూ దానివే, పుప్పొడి మాత్రం ఉంటుంది, విరుగుడు జన్యువు ఉండదు. ఏ మీద బి పుప్పొడి పడితే మళ్లీ ఏ లైనే పుడుతుంది. గొడ్డు మొక్కను తరతరాలు నిలబెట్టే దారి అదొక్కటే. ఆర్ లైన్‌లో విరుగుడు ఉంటుంది. ఏ మీద ఆర్ పుప్పొడి పడితే వచ్చేది మనం కొనే హైబ్రిడ్ గింజ. వరిలో మగ వరుసల మీద తాడు లాగి పుప్పొడి లేపుతారు, మిరపలో తేనెటీగతోనో చేత్తోనో అద్దుతారు. మొగ్గ గిల్లే పని లేదు.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. ఉల్లిలో మనం అమ్ముకునేది గడ్డ. క్యాబేజీలో ఆకు చుట్ట, కాలీఫ్లవర్లో పువ్వు గడ్డ. వాటికి గింజ కట్టాల్సిన పని లేదు. కాబట్టి ఆ హైబ్రిడ్లలో విరుగుడు జన్యువు పెట్టకపోయినా రైతుకు పంట వస్తుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్లో వాడుతున్న ఓగురా అనే గొడ్డు గుణం 1968లో జపాన్‌లో ముల్లంగిలో దొరికింది. తర్వాత కణాలను కలిపే పద్ధతితో ఆ కుటుంబంలోని మిగతా పంటల్లోకి తెచ్చారు. అట్లాంటి హైబ్రిడ్ మొక్కను పొలంలో వదిలి గింజ తీద్దామంటే సొంత పుప్పొడితో గింజ కట్టదు. విత్తనం దాచుకునే దారి అక్కడే మూసుకుపోతుంది. మిరపలో అట్లా కుదరదు. కాయ నిలవాలి, కాయలో గింజ ఉండాలి, ఎండుమిర్చి తూకంలో గింజకూ వాటా ఉంది. విరుగుడు జన్యువు రాకపోతే పూత పూసి రాలిపోతుంది, నిలిచినా గింజ లేని బుడిపె కాయలు వస్తాయి.

మరి మిరప హైబ్రిడ్ కాయ నుంచి గింజ దాచుకుని మళ్లీ వేస్తే? హైబ్రిడ్ మొక్కలో విరుగుడు జన్యువు ఒకటి ఉంటుంది, దాని జతలో రెండోది ఉండదు. వచ్చే తరంలో నాలుగు మొక్కలకు మూడింటికి విరుగుడు చేరుతుంది, ఒకదానికి చేరదు. తల్లి వైపు తేడా మాత్రం నాలుగింటికీ ఉంటుంది. ఎకరాకు పన్నెండు వేల మొక్కలు పెడితే మూడు వేలు మగ గొడ్డువి. పక్క మొక్కల పుప్పొడిని తేనెటీగలు తెస్తే వాటికీ కొన్ని కాయలు నిలుస్తాయి, పూర్తిగా ఖాళీగా ఉండవు. కానీ మిగతా గుణాలు కూడా చెదిరి ఎత్తు, కాయ పొడవు, రంగు ఒక్కో మొక్కకు ఒక్కో తీరుగా ఉంటాయి. ‘హైబ్రిడ్ గింజ దాచినా మొలుస్తుంది కదా’ అనే వాళ్లకు ఈ లెక్క చెప్పాలి. దాచుకోవాలనుకుంటే సూటి రకాలే దాచుకోవాలి. లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన జీ-4, ఎల్‌సీఏ 334, ఎల్‌సీఏ 353, ఎల్‌సీఏ 625 లాంటివి సూటి రకాలు. వాటి గింజ మన ఇంట్లోనే తీసుకోవచ్చు.

2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టంలో 39వ సెక్షన్ ఉంది. రక్షణ పొందిన రకమైనా సరే, బ్రాండ్ పేరుతో అమ్మనంత వరకు, గింజ దాచుకునే, మళ్లీ విత్తే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కు రైతుకు ఉందని అది చెబుతుంది. రైతు సంఘాలు పోరాడి పెట్టించుకున్న మాట అది. హైబ్రిడ్ దగ్గరికి వచ్చేసరికి ఆ హక్కు కాగితం మీద ఉంటుంది, పొలంలో ఉండదు. చట్టం కాదనకపోయినా మొక్కే కాదంటుంది. ఏ, బి, ఆర్ లైన్లు ఎవరి దగ్గర ఉంటే గింజ వారిదే.

మన సంఘంలోనూ కొందరు తొందరపడి ఇదంతా టెర్మినేటర్ విత్తనమనీ, జన్యు మార్పిడి అనీ ప్రసంగాల్లో అంటున్నారు. అది తప్పు. మిరపలో, ఉల్లిలో, వరిలో ఉన్న గొడ్డు గుణం ప్రకృతిలో దొరికినదే. జన్యు మార్పిడితో ఈ పని చేసిన పంట వేరే ఉంది, అది ఆవాలు. ఢిల్లీ విశ్వవిద్యాలయం తయారు చేసిన డీఎంహెచ్-11లో బార్నేజ్ అనే జన్యువు పుప్పొడిని ఆపుతుంది, బార్‌స్టార్ అనేది విరుగుడు. ఆ రెండూ ఒక సూక్ష్మజీవి నుంచి తెచ్చినవి. దానిపై 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. రెండింటినీ కలిపి మాట్లాడితే మన వాదన బలహీనపడుతుంది, అవతలివాడు ఒక్క మాటతో కొట్టేస్తాడు.

నిజమైన భయం వేరే చోట ఉంది. అమెరికాలో మొక్కజొన్న హైబ్రిడ్లకు టెక్సాస్ రకం గొడ్డు గుణం వాడారు. కంకుల మీద మగపూత కత్తిరించే కూలి ఖర్చు మిగిలిందని అందరూ అదే పట్టుకున్నారు. 1970 నాటికి అక్కడి విత్తనంలో దాదాపు 85 శాతం ఆ ఒక్క తల్లిదే. ఆ ఏడు ఆకుమాడు తెగులు వచ్చింది. పుప్పొడిని ఆపే ఆ ప్రోటీనే ఆ శిలీంధ్రం విషానికి మొక్కను లొంగేటట్టు చేసింది. దేశం మొత్తం మొక్కజొన్నలో 15 శాతం దాకా పోయింది. మిరపలో రేపు అట్లా జరుగుతుందని నేను అనడం లేదు. కానీ మన మార్కెట్లో వందల పేర్లతో అమ్ముతున్న మిరప హైబ్రిడ్లలో ఎన్ని ఒకే తల్లివో ప్యాకెట్ మీద ఎక్కడైనా ఉందా? పేర్లు వేరు, రంగు బొమ్మలు వేరు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి ఖమ్మం నుంచి గుంటూరు దాకా తోటలను ఊడ్చేసినప్పుడు చూశాం, మిరప రైతుకు ఒక్క ఏడాది పోతే ఎన్నేళ్లు వెనక్కి పోతాడో. కౌలుకు చేసేవాడి సంగతి చెప్పే పనే లేదు.

ఇప్పుడు విత్తనం పండించే రైతు మాట. వీరి గురించి ఎవరూ రాయరు. కంపెనీ ఆర్గనైజరు ద్వారా ఏ లైన్, ఆర్ లైన్ గింజ ఇస్తుంది. రైతు పెట్టుబడి పెట్టి పండిస్తాడు. గింజ కంపెనీకి పోయాక జీఓటీ పరీక్ష అంటారు, అంటే గింజను మడిలో వేసి, మొక్కలు పెరిగాక ఎన్ని వేరు రకంగా ఉన్నాయో లెక్కపెడతారు. ఫెయిల్ అంటే డబ్బు రాదు, గింజా తిరిగి రాదు. తప్పు రైతుది, క్రాసింగ్ సరిగా చేయలేదని తీర్పు. గొడ్డు లైన్ల విషయంలో ఈ తీర్పును గట్టిగా ప్రశ్నించాలి. మిరపలో కొన్ని గొడ్డు లైన్లు రాత్రి చలి బాగా పెరిగినప్పుడు కొంత పుప్పొడి విడుస్తాయి. అది శాస్త్రవేత్తలకు తెలిసిన సంగతి. డిసెంబరు, జనవరి చలిలో పూసిన పూతలో ఆడ మొక్క తన పుప్పొడి తానే వేసుకుంటే, రైతు ఎంత జాగ్రత్తగా ఉన్నా వేరు మొక్కలు వస్తాయి. ఏ లైన్ గింజలో బి లైన్ కలిసి వచ్చినా అంతే. ఆర్ లైన్ శుద్ధంగా లేకపోతే హైబ్రిడ్ కొన్న రైతు తోటలో గొడ్డు మొక్కలు తేలతాయి. ఈ మూడింట్లో ఏదీ విత్తన రైతు చేతిలో లేదు. తల్లిదండ్రుల గింజ శుద్ధత పరీక్ష కాగితం రైతుకు ముందే ఇవ్వాలి. ఆ గింజలో కొంత ముద్ర వేసి మండల వ్యవసాయ అధికారి దగ్గర దాచాలి. జీఓటీ మడి చూడటానికి రైతును పిలవాలి. ఇవి లేని ఒప్పందం మీద సంతకం పెట్టవద్దని విత్తన రైతులకు మన మాట.

ప్రభుత్వ సంస్థలు ఈ రంగంలో ఏమీ చేయలేదనడం అన్యాయం. లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సీహెచ్-1 అనే మిరప హైబ్రిడ్‌ను వేరే రకం గొడ్డు గుణంతో తెచ్చింది. అందులో తేడా కేంద్రకంలోనే ఉంటుంది. ఆ లైన్‌ను నిలబెట్టుకోవాలంటే ప్రతిసారీ సగం మొక్కలు పుప్పొడి ఉన్నవి వస్తాయి, తొలి పూత చూసి వాటిని పీకేయాలి. కష్టమైన పనే, అయినా చేశారు. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ మిరపలో అర్క మేఘన, అర్క శ్వేత, అర్క హరిత, ఉల్లిలో అర్క కీర్తిమాన్, అర్క లాలిమ ఇచ్చింది. వారణాసి కూరగాయల సంస్థ కాశీ సుర్ఖ్ ఇచ్చింది. ఇవన్నీ గొడ్డు లైన్ల మీద కట్టినవే. మరి మన విత్తన దుకాణంలో వీటి పేరు ఎప్పుడైనా విన్నామా? పరిశోధన ప్రజల డబ్బుతో జరుగుతుంది, అంగడి మాత్రం ప్రైవేటుది. లాం కేంద్రం, రెండు రాష్ట్రాల ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఏ, బి, ఆర్ లైన్లను రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇచ్చి, గింజ తీయడం నేర్పాలి. మొగ్గ గిల్లే పని లేనప్పుడు పది మంది రైతులు కలిస్తే ఒక మండలానికి సరిపడా గింజ తీయలేరా? ఏ లైన్ మడిని వేరే మిరపకు దూరంగా పెట్టడం, బి లైన్‌ను జాగ్రత్తగా కాపాడటం నేర్చుకోవాల్సిన పనులే. వరి విత్తనం పండించే కరీంనగర్ రైతు ఇంతకంటే కష్టమైన పని చేసి చూపించాడు.

1966 నాటి విత్తన చట్టం స్థానంలో కొత్తది తెస్తామని 2004 నుంచి ముసాయిదాల మీద ముసాయిదాలు వస్తున్నాయి. ఏ ముసాయిదా వచ్చినా మన సంఘం అడగాల్సిన మాటలు రెండున్నాయి. హైబ్రిడ్ ప్యాకెట్ మీద అది చేతి క్రాసింగ్ గింజో, గొడ్డు లైన్ గింజో, ఏ తల్లి రకమో రాయాలి. గొడ్డు లైన్ వల్ల కూలి ఖర్చు తగ్గిన గింజ ధర ఎందుకు తగ్గలేదో కంపెనీ లెక్క చూపాలి. ఈ రెండో దానికి కంపెనీలు పరిశోధన ఖర్చు అని చెబుతాయి. ఆ ఖర్చూ చూపించమనండి.

గింజ దెబ్బతీసిన రైతుకు దారి లేకపోలేదు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద మన ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని చెప్పింది. కొన్న గింజంతా విత్తేసిన రైతును పరీక్షకు నమూనా తెమ్మనడం కుదరదని కూడా ఆ తీర్పులో ఉంది. పైన చెప్పిన 39వ సెక్షన్ కింద, రిజిస్టర్ అయిన రకం చెప్పినంత దిగుబడి ఇవ్వకపోతే ఢిల్లీలోని ఆ చట్టం అథారిటీ ముందు నష్టపరిహారం అడగవచ్చు.

దాని కోసం ఈ ఏడు నుంచే చేయాల్సినవి ఉన్నాయి. బిల్లు లేకుండా ప్యాకెట్ కొనవద్దు. బిల్లు మీద లాట్ నంబరు రాయించండి. ఖాళీ ప్యాకెట్లు పారేయకుండా దాచండి, కుదిరితే ఒక ప్యాకెట్ విప్పకుండా పక్కన పెట్టండి. తొలి పూత వచ్చినప్పుడు, మంచు ఆరి ఎండ కాస్త ఎక్కాక తోటలో నాలుగు మూలలా, నడుమ కలిపి ఓ వంద మొక్కలు చూడండి. అప్పుడే విచ్చిన పువ్వును నల్ల గుడ్డ మీదనో, బొటనవేలి గోరు మీదనో రుద్దితే లేత పసుపు పొడి అంటాలి. పొడి అంటక, కేసరాలు సన్నగా ముడుచుకుని ఉంటే ఆ మొక్కకు రంగు దారం కట్టండి. ఒక్క పువ్వు చూసి తేల్చవద్దు, అదే మొక్కలో మరో రెండు పువ్వులు చూడండి. పూత రాలడానికి వేడి, తేమ, తామర పురుగు కూడా కారణాలవుతాయి, వాటికీ దీనికీ తేడా ఆ పొడిలోనే తెలుస్తుంది. దారం కట్టిన మొక్కలు వందకు అయిదు దాటితే ఫోటోలు తీసి, తేదీ వేసి, పూత ఉండగానే మండల ఉద్యాన అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కాయ కోతల దాకా ఆగితే పువ్వు ఉండదు. ఒక నకలు గ్రామ శాఖ కార్యదర్శికి ఇవ్వండి. ఒకే లాట్ మీద మూడు ఊళ్ల నుంచి కాగితాలు వస్తే సంఘం జిల్లా కార్యాలయమే కేసు వేస్తుంది.